వరస లేని పిలుపు

పోయిన నెలలో నేను కోవూరులో మా చెల్లెలి ఇంట్లో ఉండగా, ఒక ఉదయం మా ఎదురింటి అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఆంటీ పోయిందక్కా."

"ఏ ఆంటీ?" అన్నాను.

"మన ఆంటీ అక్కా. తాళాల ఆంటీ" అని ఏడ్చేసింది ఆ పిల్ల. రాత్రి నిద్రలోనే పోయారట.

ఇరవై ఏళ్లు మా పక్కింట్లో ఉన్న మనిషి. ఆమె పోయారని చెబితే ఎవరని అడగాల్సి వచ్చింది. బస్సులో ఊరికి వస్తున్నంతసేపూ నా ఆ ప్రశ్నే చెవుల్లో తిరిగింది. ఏం చేయను, ఆ మాట అంత పలచబడిపోయింది. బడి దగ్గర పిల్లల తల్లులంతా ఆంటీలే. చీరల కొట్లో గుమాస్తాకు నేను ఆంటీని. ఆ బస్సులోనే ఒక కాలేజీ అమ్మాయి "ఆంటీ, కొంచెం జరగండి" అంది. కళ్లు తుడుచుకుని జరిగి చోటిచ్చాను.

మా వీధి సముద్రానికి దగ్గర. కొత్తగా ఎవరు కాపురానికి వచ్చినా మా అత్తమ్మ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. ఏ ఊరు, ఎవరి బిడ్డ, పుట్టినిల్లు ఎక్కడ అని అడిగేది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ మనిషికి ఒక వరస కట్టేసేది. కులమతాలతో పనిలేదు. చేపల గంప ఎత్తుకొచ్చే ఆమె మాకు చిన్నమ్మ. మూలింటి టైలరు సాయిబు గారు మాకు మామ. వరస కట్టడమంటే నోటిమాట కాదు. చిన్నమ్మ అయితే మన బిడ్డను తిట్టొచ్చు. మామ అయితే ఎగతాళి చెయ్యొచ్చు. పెళ్లికి పిలవకపోతే అలిగే హక్కుంటుంది.

ఆంటీ, ఆమె భర్త ఇరవై ఏళ్ల కిందట వేసవి మొదట్లో వచ్చారు. ఆయనది నాయుడుపేట. రొయ్యపిల్లల హేచరీలో మోటార్లు చూసుకునే పని. ఆమెది గోదావరి వైపు. అత్తమ్మ మామూలుగానే మొదలుపెట్టింది.

"పుట్టినిల్లు యాడమ్మా?"

ఊరు చెప్పారు.

"అమ్మానాయనా ఉండారా?"

"ఉన్నారండి. నాకే లేరండి. మా పెళ్లి వాళ్లకి ఇష్టం లేదు. నాకు నీళ్లొదిలేశారు."

అత్తమ్మ మజ్జిగ గ్లాసు ఇవ్వబోతూ ఆగిపోయింది. వరస కట్టడానికి ఏదో ఒక కొస దొరకాలి. ఇక్కడ కొస తెగిపోయి ఉంది. అప్పుడే మా పాప ఇంగ్లీషు మీడియం బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా, "ఆంటీ, మీ ఇంట్లో టీవీ ఉండాదా?" అని అడిగింది.

అందరం ఒక్కసారిగా నవ్వాం. "అద్దీ! పాపే పెట్టేసింది పేరు" అంది అత్తమ్మ. గ్లాసు చేతికిచ్చింది. అందరికీ బరువు దిగినట్టయింది. ఆ రోజు నుంచి ఆమె పిల్లలకీ, పెద్దలకీ, నాకూ ఆంటీయే అయ్యారు.

నా చిన్నప్పుడు బడిలో మా ఇంగ్లీషు అయ్యవారు ఆ మాటకు పిన్ని, పెద్దమ్మ, అత్త అని మూడు అర్థాలూ చెప్పేవారు. ఇన్ని చుట్టరికాలు ఒక్క మాటలో ఎలా పడతాయా అని అప్పట్లో ఆశ్చర్యపోయేదాన్ని. మా వీధిలోకి వచ్చేసరికి ఆ మూడింటిలో ఒక్కటీ మిగల్లేదు. ఎవరు, ఏమిటి అని అడగనక్కర లేకుండా మర్యాదగా పిలవడానికి బాగుంటుంది, అంతే.

ఆంటీ ఆ పిలుపు మీద హాస్యాలాడేవారు. ఒకసారి కూరగాయల బండి అతను ఎదురింటి అమ్మాయిని "ఆంటీ, వంకాయలు లేతగా ఉండాయి" అన్నాడు. ఆ పిల్లకు అప్పటికి ముప్పై కూడా లేవు.

"ఎవుర్రా నీకు ఆంటీ? నీ వంకాయలు నువ్వే వండుకో పో!"

ఆంటీ తన గేటు తెరుచుకుని వచ్చారు. "ఇటివ్వు బాబూ, నాకు అలవాటైపోయింది" అని కిలో తూయించుకున్నారు. తర్వాత నాతో, "ఆ మాటకి వయసుంది గానీ వరస లేదండి. అందుకే ఆ పిల్లకి అంత కోపం" అన్నారు.

వీధిలో తాళాలన్నీ ఆమె దగ్గరే ఉండేవి. ఎవరు ఊరికి పోయినా, గుడికి పోయినా, "ఆంటీ దగ్గర ఇచ్చిపో" అనేవాళ్లం. వాకిలి పక్క గోడకు మేకులు కొట్టించి, ఇంటికొక మేకు చొప్పున తాళంచెవులు తగిలించేవారు. మా దగ్గర ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. అందుకని శనివారం శనివారం అన్నిటికీ కొబ్బరినూనె రాసి తుడిచేవారు. ఆమె దగ్గర నుంచి తెచ్చుకున్న తాళంచెవి కొబ్బరినూనె వాసన వేసేది. ఇల్లు తెరిచి దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు కూడా నా వేళ్లకు ఆ వాసనే.

మా పాపకు ఓణీలు ఇచ్చిన రోజు మేనత్త చేతి మీద జరగాల్సిన పని ఉంది. మావారికి అక్కచెల్లెళ్లు లేరు. దూరపు చుట్టం ఒకామెను చిల్లకూరు నుంచి పిలిపించాం. ఆంటీ వంటగదిలో అందరికీ కాఫీలు కలుపుతూ మెల్లగా అన్నారు. "మీ పాప నన్ను అత్తా అని పిలిస్తే బాగుంటుందండి. ఆంటీ అంటే నేను మీ గేటు దాకానే వచ్చి నిలబడ్డట్టుంటుంది."

"దానికేముంది, అట్నే పిలుస్తాది లే ఆంటీ" అన్నాను.

ఆమె నవ్వారు. ఏ మాటతో ఒప్పుకున్నానో నాకు అప్పుడు తెలియలేదు. పిల్ల నాలుక తిరగలేదు. మేమూ గుర్తు చేయలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె భర్త పోయారు. మా వైపు ఆడమనిషికి భర్త పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి పెట్టాలి. ఆమె పోయినా ఆఖరున కప్పేది పుట్టింటి చీరే. ఆ రోజు పెద్దవాళ్లెవరో "పుట్టింటోళ్లు వచ్చినారా?" అని అడిగారు. మావారు అత్తమ్మ దగ్గరకు పోయి, "మనం పెడదామా?" అని చెవిలో అడిగారు.

"ఏ వరసన పెడతావురా? ఊరికే పెట్టేదా అది?" అంది అత్తమ్మ.

ఆయన తల వంచుకుని వచ్చేశారు. ఆంటీ ఉతికిన తన నీలం చీరే కట్టుకుని కూర్చున్నారు. ఆ మాట ఆమె చెవిన పడిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. "పెద్దావిడ అన్నదాంట్లో తప్పేం లేదండి. చీర ఎవరైనా తెస్తారు. వరస ఎక్కణ్ణుంచి తెస్తారు?" అన్నారు. కోపం లేదు. చేతిలో మా తాళంచెవి ఉంది, తుడుస్తూనే ఉన్నారు.

నేను రోజూ రామాలయంలో దీపం పెట్టి వస్తాను. దండం పెట్టుకునేటప్పుడు తండ్రీ అంటాను, అమ్మవారినైతే తల్లీ అంటాను. కంటికి కనిపించని దేవుడికే వరస కట్టి పిలుచుకుంటాం. గోడ పక్కన ఉన్న మనిషికి కట్టలేకపోయాం. ఇప్పుడు గుడిలో నోరు తెరిస్తే ఈ సంగతే గుర్తొస్తుంది.

నేను కోవూరు నుంచి వచ్చేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. నాయుడుపేట నుంచి భర్త అన్నగారి కొడుకు వచ్చాడు. ఆమెకు పిల్లలు లేరు, కర్మ అతనే చేయాలి. స్నానం అయింది. వీధంతా నిలబడి ఉంది. "పుట్టింటి చీర యాడ?" అని ఎవరో అడిగారు.

నేను మావారి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు.

అప్పుడు మా అత్తమ్మ, ఎనభై దాటిన మనిషి, గోడ పట్టుకుని లోపలి నుంచి వస్తూ, "మే, నా పెట్టెలో కొత్త చీరుండాది, తీసుకురా" అని నన్ను కేకేసింది. పోయిన పండక్కి మా పాప వాళ్ల నాయనమ్మకు పెట్టిన చీర అది. మడత కూడా విప్పలేదు. పరుగున పోయి తెచ్చాను. అత్తమ్మ దాన్ని మావారి చేతిలో పెట్టింది.

"ఎవరమ్మా పుట్టింటోళ్లు?" అన్నాడు చీర అడిగిన పెద్దాయన.

"మేమే. ఇది నా బిడ్డ. ఈడు దీని తమ్ముడు. పెట్టరా చీర" అంది.

మావారు చీర మడత విప్పారు. ఆమెకు కప్పి, కాళ్లకు మొక్కారు. అత్తమ్మ తల దగ్గర కూలబడింది. "ఆ దినమే అనుండాల్సింది తల్లా. గ్లాసు చేతిలో పెట్టుకోని అట్టనే కూర్చుంటిని" అని ఆమె నుదురు నిమిరింది. అత్తమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మావారికి అక్క అయితే నాకు వదిన. నేను వంగి "వదినా" అని పిలిచాను. ఇన్నేళ్లలో ఒక్కసారి అనని మాట. నోట్లో కొత్తగా, గట్టిగా ఉంది. వదిన అయితే నన్ను ఎగతాళి చేయొచ్చు, పండక్కి చీర పెట్టలేదని అలగొచ్చు. ఎదురింటి అమ్మాయి నా వెనకే వచ్చి "వదినా" అంది. తర్వాత చేపల చిన్నమ్మ "బిడ్డా" అంది. ఒకరి వెనక ఒకరు ఎవరికి తోచిన వరసతో వాళ్లు పిలిచారు. ఆమె పలకలేదు.

పదకొండో రోజు అయ్యాక అన్నగారి కొడుకు మేకుల మీది తాళంచెవులు ఎవరివి వాళ్లకు ఇచ్చేసి, ఇంటికి తాళం వేసుకుని పోయాడు. మాది మా చేతికి వచ్చింది.

మొన్న ఇంట్లో ఎవరూ లేని పూట, తెల్లవారి గుడికి బయల్దేరి మా తలుపుకు తాళం వేశాను. కాళ్లు అలవాటుగా పక్కింటికి పోయాయి. గేటు దగ్గర ఆగాను. లోపల ముగ్గు లేని వాకిలి, మూసిన తలుపు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వెనక్కి తిరుగుతూ చెయ్యి విప్పి చూస్తే తాళంచెవి అరచేతికి గోధుమరంగు గీత వేసింది. తుప్పు పట్టడం మొదలైంది.