రియాద్‌లో ఒక శుక్రవారం

నా చెల్లెలు రూతు రియాద్‌లో నర్సు. మూడేళ్లుగా రమ్మంటోంది. ఈ మార్చిలో సెలవు దొరికింది. వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చేసింది. జెర్సీ సిటీలో నా రూమ్మేట్ హరిత మాత్రం, "బైబిల్ యాప్ డిలీట్ చేసెయ్ అక్కా, రిస్క్ ఎందుకు?" అంది. చేశాను.

న్యూయార్క్ నుంచి నేరుగా విమానం, దాదాపు పన్నెండు గంటలు. పక్క సీట్లో ఒహాయోలో చదువుకునే సౌదీ యువకుడు. "మొదటిసారా? ఎవరింటికి?" అన్నాడు. మామూలు పలకరింపే. నేను "హోటల్‌కి" అని కిటికీ వైపు తిరిగాను.

రియాద్‌లో పాస్‌పోర్ట్ చూసిన ఆవిడ ముఖంలో కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ముద్ర వేసి "వెల్‌కమ్" అంది. మెట్రో టికెట్ నాలుగు రియాళ్లు, డాలరు పైచిలుకు. కుటుంబాల పెట్టెలో నేను తలకు గుడ్డ బిగించి కూర్చుంటే, ఎదురుగా అమ్మాయిలు జుట్టు విరబోసుకుని ల్యాప్‌టాప్‌లు చూసుకుంటున్నారు. ఆ రాత్రి రూతూ నేనూ బత్హా బజారులో ఒక కేరళ హోటల్లో చేపల కూర, పరోటా తిన్నాం.

అక్కడ చర్చిలు ఉండవు. సెలవు శుక్రవారం కనుక తెలుగువాళ్ల ప్రార్థన కూడా ఆ రోజే, దానియేలు అనే అన్నయ్య ఫ్లాట్‌లో. ఉదయం తొమ్మిదికి రోడ్డు మీద పోతున్న క్యాబ్ ఆపి ఎక్కాం. దారి పొడవునా తెలుగులోనే మాట్లాడుకున్నాం: ఎంతమంది వస్తారు, పాటలు బయటికి వినిపిస్తాయా, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి.

భవనం దగ్గరపడగానే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. "ముందట వద్దక్కా. ఎనుక గేటు కాడ దించుత. గాడ ఎవ్వరు చూడరు."

అతను తెలుగువాడే. జెర్సీ సిటీ రైల్లో పక్కవాడికి తెలుగు వస్తుందేమోనని గొంతు తగ్గించే నేను, ఇక్కడ ఆ సంగతే మరిచాను.

"మీది ఏ ఊరు?" అన్నాను.

"నిజామాబాద్ దిక్కు." బండి వెనక సందులోకి తిప్పాడు.

పైన తొమ్మిదిమంది ఉన్నారు. విషయం చెప్పగానే దానియేలు అన్నయ్య కిటికీ పరదా లాగేశారు. "మంచివాడే అయ్యుంటాడమ్మా," అన్నారు గానీ, పాటలు పెదాల మీదే పాడించారు. వాక్యం చదువుతుండగా తలుపు తట్టారు. ఒకావిడ బైబిల్‌ను దిండు కిందకి తోసింది. అన్నయ్య తలుపు కొంచెమే తెరిచారు. కాపలావాడు. కింద తెల్ల కారు ఎవరిదో, పక్కకి తీయమన్నాడు. తీయించాక ప్రార్థన రెండు మాటల్లో ముగిసింది.

మేం దిగేసరికి వెనక గేటు దగ్గర అదే క్యాబ్.

"ఇంకా ఉన్నావేంటి?" అంది రూతు.

"ఎండల బండి దొర్కదని ఆగిన. ఎక్కుండ్రి."

"వద్దులే, పని ఉంది," అని నా చెయ్యి పట్టుకుని మెట్రో వైపు నడిచింది. మలుపు దగ్గర వెనక్కి చూశాను. అతను బండి దిగి, చేతులు కట్టుకుని, మా వైపే చూస్తున్నాడు. బాధపడ్డాడో, గుర్తుపెట్టుకుంటున్నాడో ఆ దూరం నుంచి తెలియలేదు. మిగిలిన నాలుగు రోజులూ మేం క్యాబ్ ఎక్కలేదు.

తిరుగు ప్రయాణంలో న్యూయార్క్‌లో దిగాక ఆఫీసర్ గ్రీన్ కార్డ్ అటూ ఇటూ తిప్పాడు. అక్కడ ఎవరెవర్ని కలిశానని అడిగాడు. "చెల్లెల్ని," అన్నాను. మిగతావాళ్ల పేర్లు నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

వెళ్లాలనుకునేవాళ్లకు నిజం చెప్పాలి: ఊరు శుభ్రంగా ఉంది, మెట్రో చవక, వారంలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఒక్కరినీ నమ్మకుండా తిరిగొచ్చాను.

జెర్సీ సిటీ రైలు ఎక్కి కూర్చున్నాక రూతు నుంచి మెసేజ్ వచ్చింది. "ఆ క్యాబతను ఫోన్ చేశాడక్కా. వచ్చే శుక్రవారం బండి పెట్టమంటారా అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

"నీ నంబర్ అతనికి ఎవరిచ్చారు?" అని టైప్ చేశాను. రైలు నది కింది సొరంగంలోకి దిగింది. సిగ్నల్ పోయింది.