తుడవడం మరిచిన నీడ

ఉస్తాద్ పోయారు. పోయిన నెల ఒక పొద్దున నేను నిజామాబాద్‌లో నా డీటీపీ దుకాణం తెరిచి కంప్యూటర్ ముందు కూర్చున్నానో లేదో, బోధన్ నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అబ్బా లేడిగ" అంది. బోధన్ ఎంత దూరమని? బస్సెక్కితే గంట. ఆ గంట ప్రయాణం చేయడానికి నాకు నాలుగేళ్లుగా తీరిక దొరకలేదు. ఆ రోజు పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మట్టి ఇచ్చి అందరూ తిరిగి వచ్చేశారు.

మూడో రోజు ప్రార్థనలకు, జియారత్‌కు మళ్లీ వెళ్లాను. అమ్మాయి నన్ను వంటింటి పక్కకు తీసుకెళ్లి అడిగింది.

"అక్కా, అబ్బా ఫోటో నీ దగ్గర ఏమన్న ఉన్నదా? ఎవలన్న ఫోటో తీస్తమంటె మొఖం తిప్పుకునేటోడు గదా. ఆధార్ కార్డుల ఒక్కటుంది. దాంట్ల మా అబ్బా లెక్కనే లేడు. గోడకు పెట్టనీకి కాదు, నా ఫోన్ల ఉంచుకుంట."

"వెతుకుతా" అన్నాను. వెతికితే దొరకదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఉస్తాద్ మొదట బోర్డులు రాసే పెయింటర్. బోధన్ బజారులో ఒకప్పుడు సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే. తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఏ అక్షరమైనా ఆయన కుంచె కింద ఒద్దికగా కూర్చునేది. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు కడిగి పెట్టేసి, యాభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకున్నారు. తర్వాత ఒక చిన్న గదిలో మాకు నేర్పారు. మౌస్ పట్టుకున్నా భుజం మీద గుడ్డ తీసేవారు కాదు. బొమ్మ సగం కాగానే లేచి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూసేవారు. మళ్లీ వచ్చి కూర్చునే ముందు రంగే అంటని వేళ్లను ఆ గుడ్డకు తుడుచుకునేవారు. మేం నవ్వితే ఆయనా నవ్వేవారు. ఏళ్ల తరబడి రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన మీద నిలబడినందుకేమో, ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉండేది.

ఆయన దగ్గర మొదటి పాఠం వాల్‌పేపర్. కొత్త కంప్యూటర్ తెరవగానే పచ్చని గుట్ట, నీలి ఆకాశం కనిపిస్తాయి కదా, అది ఆయనకు అస్సలు గిట్టేది కాదు.

"గీ గుట్ట ఎవలిది? నువ్వెన్నడన్న ఎక్కినవా?"

"లేదు ఉస్తాద్."

"మరి రోజూ దాని మొఖం సూసుకుంట ఎందుకు కూసుంటవ్? నీ బొమ్మ నువ్వే చేసుకో."

ముందు తెర కొలత చూసుకోవాలి. ఎడమ దిక్కు ఖాళీ వదలాలి, ఫైళ్ల గుర్తులన్నీ అక్కడే కూర్చుంటాయి కనుక. అన్నిటికంటే ముందు ఇంకో మాట. "అసలుది ముట్టుకోవద్దు బిడ్డా. నకలు తీసి దాని మీద పని చెయ్యి. గోడైతే సున్నం కొట్టి మల్ల రాస్తం. గీడ పోయిందంటే పోయినట్టే." ఈ మాట రోజుకు నాలుగుసార్లు వినేవాళ్లం. అన్నిసార్లు విన్నందుకే నాకు పట్టింపు లేకుండా పోయింది.

నా వాల్‌పేపర్ కోసం ఒక పొద్దున ఆయన కెమెరా తీసుకుని ఊరి బయట చెరుకు తోటల దిక్కు వెళ్లాం. చెరుకు పూత మీద ఉంది. దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టం. నేను గురి చూస్తుంటే ఆయన ఫోటోకు కుడి దిక్కున బండ్లబాట మీదికి వెళ్లి నిలబడ్డారు.

"మనిషి ఉంటెనే చెరుకు ఎంత ఎత్తున్నదో ఎరుకైతది. తియ్యి."

ఫోటో అంటే మొహం తిప్పుకునే మనిషి, నా పాఠం కోసం నిలబడ్డారు. ఒక్కటే తీశాను. కంప్యూటర్‌లోకి ఎక్కించాక, రివాజు ప్రకారం, తర్వాతి పనికి కెమెరా కార్డు ఖాళీ చేసేశాం.

ఇక నేను చేసింది చెప్పాలి. ఫోటో బాగా వచ్చింది. కానీ వెలిసిన చొక్కాలో ఆ పెద్దాయన నాకు అడ్డం అనిపించారు. రేపు నిజామాబాద్‌లో ఉద్యోగానికి వెళ్తే, నా తెర చూసి ఎవరైనా ఈ ముసలాయన ఎవరని అడిగితే? సిగ్గుపడ్డాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది. ఆయన మధ్యాహ్నం నమాజుకు వెళ్లిన సమయంలో, ఫోటోలో పక్కనున్న చెరుకు ఆకులు తెచ్చి ఆయన మీద అతికించాను. తల, భుజాలు, చొక్కా, చెప్పులు. ఆయన నేర్పిన పనితనంతోనే ఆయన్ని తుడిచేశాను. నకలు తీయలేదు. అసలు దాని మీదే సేవ్ కొట్టాను.

ఆయన వచ్చి చూశారు. అలవాటుగా నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఒక కన్ను మూశారు. పొద్దుటి దాకా అక్కడ తానున్నానని ఆయనకు తెలియదా?

"పని సాఫ్‌గ చేసినవ్ బిడ్డా" అన్నారు. తెర దగ్గరికి వచ్చి, "గని నీడ ఉండిపోయింది సూడు" అన్నారు. గుడ్డకు వేళ్లు తుడుచుకుని తన కుర్చీలోకి వెళ్లిపోయారు.

అంతే. ఎందుకు తుడిచావని ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీడ కూడా తుడిచేస్తానని చెప్పి, బద్ధకించి, దాని తల, భుజాల మీదికి రీసైకిల్ బిన్ గుర్తును జరిపాను. అక్కడితో పనైపోయింది అనుకున్నాను. ఉద్యోగం వచ్చింది, తర్వాత సొంత దుకాణం వచ్చింది. మూడు కంప్యూటర్లు మారాయి. ఆ బొమ్మ వెంట వచ్చింది, దాని మీద చెత్తబుట్టా వచ్చింది. చూసినవాళ్లంతా ఎవరు చేశారని అడిగేవారు. నేనే అని చెప్పుకునేదాన్ని.

పది రోజుల క్రితం అమ్మాయి ఏదో పని మీద నిజామాబాద్ వచ్చి దుకాణానికి వచ్చింది. "దొరికిందా అక్కా?" అంది. కంప్యూటర్‌లో తెరిచి ఉన్న విండోలన్నీ మూసి వెతుకుతున్నట్టు నటించాను. తెర మీద చెరుకు తోట నిలిచింది. ఇంకొక్క అబద్ధం ఆడితే ఆమె బస్సెక్కి వెళ్లిపోయేది. నా చెయ్యి ఎందుకో ఆ చెత్తబుట్టను పట్టి పక్కకు జరిపింది.

అమ్మాయి ముందుకు వంగింది. నల్లమట్టి బాట మీద పొద్దుటి పొడుగాటి నీడ, ఎడమ భుజం కొంచెం కిందికి జారి.

"అబ్బా" అంది. తెర మీద వేలు పెట్టింది. తర్వాత నా దిక్కు తిరిగింది. "నీడ ఉన్నది గని, మనిషేడి అక్కా?"

చెప్పాను. చొక్కా సంగతి, సిగ్గు సంగతి, నకలు తీయని సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె ఓదార్చలేదు, కోప్పడలేదు. "నా ఫోన్ల పంపు" అంది.

పంపాను. ఆమె అక్కడే కూర్చుని దాన్ని తన ఫోన్ తెరకు పెట్టుకుంది. నాది అడ్డం బొమ్మ, ఫోన్ నిలువు. మొత్తం పట్టదు. వేలితో మెల్లగా పక్కకు జరుపుతూ పోయింది. నేను ముచ్చటపడి దిద్దుకున్న ఆకాశం, గుర్తుల కోసం వదిలిన ఖాళీ, పొగగొట్టం, ఆయన మీద నేను అతికించిన చెరుకు, ఒక్కొక్కటే తెర దాటి వెళ్లిపోయాయి. చివరికి అందులో బాట మిగిలింది, దాని మీద ఆయన నీడ మిగిలింది.