ఎడమ బుగ్గ, కుడి బుగ్గ

నా చిన్నప్పుడు, మేము ఘంటసాలలో ఉన్న రోజుల్లో, మా నాయనమ్మ నోరు నా సొత్తు. నవ్వకండి. ఆవిడ రెండు బుగ్గల లోపలా తెల్లటి గీతలు వలలా అల్లుకుని, మధ్యలో ఎర్రగా పుండ్లు ఉండేవి. కారం తగిలితే కళ్లమ్మట నీళ్లే. ఏళ్ల తరబడి పెరుగన్నంతోనే సరిపెట్టుకుంది. రోజూ పొద్దున్నే వెన్నలో పసుపు రంగరించి రాసేదాన్ని నేనే. "నీ చేతి చలవే తల్లీ" అనేది. ఆ మాట కోసమే బతికేదాన్ని.

ఒక వేసవికి మా బాబాయి కూతురు, నాకంటే రెండేళ్లు పెద్దది, బందరు నుంచి ఒక ట్యూబు పట్టుకుని దిగింది. అక్కడి డాక్టరుగారు ఇచ్చారట. గుడ్డతో బుగ్గ తడి అద్ది, పల్చగా రాసి, అరగంట మంచినీళ్లు కూడా తాగనివ్వకూడదట. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ మంట తగ్గుతుందట. దాని పెద్దరికం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. వెన్న గిన్నె విసిరికొట్టి ఏడ్చాను.

నాయనమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, నావైపు తిరిగి తీర్పు చెప్పింది. "కుడి బుగ్గ నీది, ఎడమ బుగ్గ దానిది. ఆవకాయ కలిపే రోజుకి ఏది నయమో చూద్దాం."

ఇక చూడండి నా అవస్థ. రోజుకి మూడుసార్లు వెన్న రాశాను. అక్క మందు రాయగానే మజ్జిగ గ్లాసుతో తయారయ్యేదాన్ని, తాగితే కడుక్కుపోతుందని. నాయనమ్మ "అక్కడ పెట్టమ్మా" అనేది, ముట్టుకునేది కాదు. చివరికి దేవుడి గూటి ముందు నిలబడి, ఎడమ బుగ్గ మంట తగ్గకూడదు స్వామీ అని దణ్ణం కూడా పెట్టుకున్నాను.

ఆవకాయ కలిపిన బేసినులో వేడన్నం వేసి మా అందరికీ ముద్దలు పెట్టేది నాయనమ్మే. తను మాత్రం తినేది కాదు. ఆ రోజు చిన్న ముద్ద నోట్లో పెట్టుకుని, మెల్లగా ఎడమవైపుకి తోసి నమిలింది. "అబ్బ, ఎన్నాళ్లయిందే!" అంది. అంతలో కాస్త కారం కుడివైపుకి చేరినట్టుంది, చెంప పట్టుకుని వంగిపోయింది. కళ్లనిండా నీళ్లు. అయినా నా వంక చూసి, "నీదీ బాగానే ఉందమ్మా" అంది.

ఆ అబద్ధం నన్ను లెంపకాయ కొట్టినట్టయింది. వెళ్లి ట్యూబు తెచ్చి అక్క చేతిలో పెట్టి, ఇటు కూడా నువ్వే రాయి అన్నాను. అసూయ పోయిందనుకునేరు, పోలేదు. ఆ వేసవంతా దాని మొహం చూస్తే కడుపు మండేది. ఇప్పటికీ ఎవరైనా నాకంటే బాగా చేస్తే లోపల చురుక్కుమంటుంది. వెంటనే ఆ దణ్ణం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతాను. తగ్గకూడదని నేను మొక్కుకున్న ఆ ఎడమ బుగ్గ కూడా మా నాయనమ్మదే కదా.