ఏటికి పోయే బాట

పాలమూరులో నేను పనిచేసే దవాఖాన ముందర మొన్న రోడ్డేస్తుంటే, కాగిన తారు వాసన కిటికీలోంచి వచ్చింది. సూదిమందు ఇయ్యబోతున్న నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

కృష్ణ ఒడ్డున మా ఊర్లె ఎండాకాలమంతా గదే వాసన. వెదురు దబ్బలతో అల్లిన గుండ్రటి పుట్టి పడవను బోర్లించి, మా అవ్వ బాలమ్మ దాని అడుగుకు తారు పూస్తుంటే, పక్కన దండేల మీద చాపలు ఎండుతుంటే, కాకుల్ని నేను చింతబరికెతో అదిలిస్తుంటే, పొద్దు ఎట్ల గూకేదో తెలియకపోయేది. తాత పోయినంక ఆ పుట్టిని అవ్వనే నడిపింది. ఆడోళ్లు తెడ్డు పట్టొద్దన్నోళ్లకు "అట్లయితే నేను పట్టిన చాపలు తినకుండ్రి" అనేది.

మిరుగం కార్తె వచ్చిందంటే మాకు పండుగ. తొలకరి చినుకులకు మట్టి కమ్మగ వాసనేస్తుంటే, మామిడికాయ ముక్కలేసి వండిన జెల్లల పులుసు, పెనం మీది జొన్నరొట్టె, ఇంటి నుంచి ఇంటికి నడిచే గిన్నెలు. ఆ దినం చాప వండని పొయ్యి ఉండకపోయేది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, నాకు పదకొండేండ్లు. మిరుగం ఇంక వారం ఉందనంగ, ఊర్ల నుంచి ఏటికి పోయే బండ్లబాటకు అడ్డంగ ఇనుప గేటు లేచింది. రెండు దిక్కుల చెల్క పొలాలు కొన్న పట్నపాయన నడుమ బాటను గూడ కలుపుకున్నడు. పుట్టి నెత్తిన పెట్టుకొని పోయిన అవ్వను కావలాయన ఆపిండు.

"ఇది మా సారు జాగ. వాపస్ పో అవ్వా."

"మీ సారు చెల్కలు కొన్నడు గని, ఏరు కొన్నడా?"

పుట్టిని గేటు ముందర్నే దించి, దాని పక్కన కూసుంది. మర్నాడు పొద్దున్నే మళ్ల వచ్చి కూసుంది. కేసు పెడ్తరు, ఇంటికి రమ్మని ఆమె కొడుకు, మా బాపు బతిమాలితే, జైలుకు చాపలు ఎవరు పట్టుకొస్తరో అడిగి రాపో అన్నది. మూడో దినానికి ఊరి ఆడోళ్లంత ఆమె పక్కన ఉన్నరు. అవ్వకు చదువు రాదు. తాసిల్దారుకు అర్జీ నా నోటుబుక్కు కాయితం మీద నేనే రాసిన. దయచేసి బాట ఇప్పించండని మొదలుపెడితే అవ్వ కొట్టేయించింది. "ఇయ్యమని అడుగుతలేం. మాది మాకు విడువమంటున్నం. గట్ల రాయి."

అయిదో దినం తాసిల్దారు పంపిన సర్వేయరు వచ్చి ఊరి నక్షా పరిచిండు. చెల్కల నడుమ నుంచి నీళ్ల దాకా రెండు గీతలు. "ఇది సర్కారు బాట" అన్నడు. గేటును కావలాయననే ఊడదీసిండు. ఊరంత మా ఎంట ఏటికి నడిచింది. పుట్టిల అవ్వ నా చేతికి తెడ్డిచ్చింది. పుట్టి ఉన్నకాడనే గిరగిర తిరుగుతుంటే ఒడ్డున అందరు నవ్విన్రు. నేను అందరికంటె గట్టిగ నవ్విన.

అవ్వ పోయి నాలుగేండ్లు. ఇప్పుడు పుట్టి అల్లేటోళ్లు లేరు, ఫైబరు పడవలొచ్చినయి. చాపలెండే దండేలు లేవు. మిరుగం నాడు గిన్నెలు వాకిలి దాటుతలేవు. బాట మాత్రం ఉంది. పోయిన నెల ఎవరో దానికి అడ్డంగ బండలు పెట్టిచ్చిన్రని చెల్లె ఫోన్ చేస్తే, సెలవు పెట్టి పోయిన. నలుగురం ఆడోళ్లం దొర్లిస్తుంటే, కొత్త కావలాయన ఉరికొచ్చిండు.

"ఎవర్ని అడిగి తీస్తున్నరు?"

చివరి బండ కింద గడ్డపార దూర్చిన.