అలమరలో మోగిన గంట

1987, ఆషాఢమాసం, లాల్‌దర్వాజా బోనాల ఆదివారం. మేడమీది వాటాలో ఉన్నవాళ్ళం: నేను, నా భార్య శారద, ఆమె తమ్ముడు సూర్యం. కింద వాకిట్లో ఇంటి యజమాని, పాలవ్యాపారి యాదయ్య.

దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

సూర్యానికి ఏళ్ళ తరబడి రక్తవిరేచనాలు. చివరికి పెద్దపేగు తీసేసి, చిన్నపేగు కొసను లోపలే తిత్తిలా కుట్టారు. అది మానేదాకా మలం పొట్టమీది రంధ్రంలోంచి, పైన అతికించిన ప్లాస్టిక్ సంచిలోకి వచ్చేది. మరీ ఎక్కువగా వస్తే వెంటనే రమ్మని చెప్పి ఇంటికి పంపారు.

ఆ రోజు పొద్దుటినుంచి సంచి ఖాళీ. ఇన్నేళ్ళూ మా ఇంట్లో మంచిరోజంటే సూర్యం దొడ్డికి పరుగెత్తని రోజే. శారద సంతోషం పట్టలేక పరమాన్నం వండింది.

"ఇవాళ నా కడుపుకీ ఆదివారమే బావగారూ," అని నవ్వాడు సూర్యం. కాస్త తిని, పొట్ట బిగిసినట్టుందని పడుకున్నాడు. నేను డైరీలో 'సూర్యానికి నయం' అని రాసుకున్నాను.

మధ్యాహ్నం అతని గదిలో గంట మోగింది. మమ్మల్ని పిలవడానికి మంచం పక్కన పెట్టిన పూజగంట అది. వెళ్తే, తను కొట్టలేదన్నాడు. ఖాళీ సంచి చూసి తృప్తిగా వచ్చేశాం. మళ్ళీ మోగింది. గాలికేమో అనుకుని, గంట నాలుకకు దూది చుట్టి, దారంతో కట్టి, మా గది అలమరలో పెట్టి తాళం వేశాను.

ఈసారి అలమరలోంచే మోగింది. ఆగకుండా మోగింది.

"ఏంది సారూ, గుడి మన ఇంట్లకే వచ్చిందా? మీ గంట లొల్లికి బర్రెలు బెదురుతున్నయ్!" అని కిందనుంచి యాదయ్య కేకేశాడు.

శారద అలమర దగ్గరికి పోలేదు. తమ్ముడి గదిలోకి పరుగెత్తింది. అతను పచ్చగా వాంతి చేసుకుంటున్నాడు. దుప్పటి తీస్తే పొట్ట ఉబ్బి రాయిలా ఉంది. సంచిలో చుక్క లేదు.

"ఏమండీ, ఇది నయం కావడం కాదు," అంది.

గంట ఆగింది.

బోనాల జనంతో ఆటోలు లేవు. "ఫికర్ జెయ్యకు అక్కా, నేనున్న," అని యాదయ్య పాలక్యాన్ల తోపుడుబండిమీద సూర్యాన్ని పడుకోబెట్టాడు. బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. డప్పుల హోరులో అతని మూలుగు వినపడలేదు, పెదవులు కదలడమే కనిపించింది. బండి అంచు పట్టుకుని నడవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

పేగు మెలిపడి దారి మూసుకుందని ఆసుపత్రిలో ఆ సాయంత్రమే మళ్ళీ కోశారు.

"సంచి నిండకపోతేనే భయపడాలండీ. ఇంకాస్త ఆలస్యమైతే పేగు చచ్చిపోయేది," అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున సంచిలోకి కాస్త నీళ్ళలా వచ్చింది. శారద దాన్ని చూసి ఏడ్చింది.

బట్టల కోసం ఇంటికొచ్చి అలమర తాళం తీశాను. యాదయ్య వెనకే నిలబడ్డాడు. గంట పెట్టినచోటే ఉంది. దూది, దారం, నేను వేసిన ముడి, అన్నీ అలాగే ఉన్నాయి. యాదయ్య దాన్ని తీసి గట్టిగా ఊపాడు. చప్పుడు రాలేదు.

"మరి నిన్న మోగిందేంది సారూ?"

నేను డైరీ తీసి 'సూర్యానికి నయం' అన్నది కొట్టేశాను. దాని కింద 'గంట మోగింది' అని రాశాను.