ఆ మాటకు ఆమెన్ అనకండి

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ సాక్ష్యం కొంచెం కోపంగానే చెబుతాను, ఓర్చుకోండి.

పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు, ఏడో నెలలోనే కాన్పయి నా బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత నాకు తిండి లేదు, నిద్ర లేదు, మిరపకోతకు వెళితే కాయ చేత్తో పట్టుకుని సాళ్ళ మధ్య అలాగే నిలబడిపోయేదాన్ని. చూడవచ్చిన వాళ్ళలో విశ్వాసం తక్కువని ఒకరు, ఉపవాసం ఉండమని ఒకరు చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. అసలే ముద్ద దిగని దానికి ఉపవాసం ఏమిటండీ?

చివరికి ఒక శుక్రవారం స్త్రీల కూడికలో లేచి, "నాకిక ఈ లోకం వద్దండి, ప్రభువు దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది" అన్నాను. అంతకంటే తేటగా చెప్పడం నాకు చేతకాలేదు. మీరేం చేశారు? చాప మీద కూర్చున్న అందరూ ఆమెన్ అన్నారు. ఒకావిడ పరలోకం పాట ఎత్తుకుంది. నేను చచ్చిపోతానంటుంటే మీరు తప్పట్లు కొట్టారు, తల్లీ.

ఇంటింటికీ వచ్చి వాక్యం చెప్పే మన బైబిలు స్త్రీ శాంతమ్మ పెద్దమ్మ ఒక్కతే పాడలేదు. కూడిక అయ్యాక నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఏమే సుగుణా, చచ్చిపోవాలనుకుంటున్నావా?" అని సూటిగా అడిగింది. అన్ని నెలల్లో ఎవరూ అడగని మాట. అవునన్నాను. ఆమె తిట్టలేదు, పాపమనలేదు. "చెప్పావు, మంచిపని చేశావు. ఇక నిన్ను ఒంటరిగా వదిలేది లేదు" అంది. మా ఆయన్ను పిలిచి ఇంట్లోని పురుగుమందులన్నీ చేలో కొట్టంలోకి మార్పించి, తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. మా ఇంట్లోనే పడుకుంది. తెల్లారగానే బస్సెక్కించి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు దగ్గరికి వెళితే విశ్వాసం లేనట్టు కాదా అని నేను నసిగితే, "కాలు విరిగితే ఎక్కడికెళ్తావే?" అని కసిరి, బస్సులోనే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. "తండ్రీ, ఈ పిల్ల నీ దగ్గరికి రావడానికి ఇంకా చాలా టైముంది, అందాకా దీన్ని మా దగ్గర ఉండనియ్యి."

ఒక్క ప్రార్థనతో లేచి గంతులేశానని అబద్ధం చెప్పను. మందులు వేసుకున్నాను, ఏడ్చాను, పెద్దమ్మతో మాట్లాడాను, నెలలు పట్టింది. ఇప్పుడు అన్నం రుచి తెలుస్తోంది. దేవునికే మహిమ.

మీలో ఎవరికైనా అలా ఉంటే, నాలాగా చుట్టు తిప్పి చెప్పకండి, పక్కన ఉన్న మనిషికి ఉన్నదున్నట్టు చెప్పండి. వినేవాళ్ళు పాట ఎత్తుకోకండి, పెద్దమ్మ అడిగినట్టు అడగండి, అవునంటే చెయ్యి వదలకండి. ప్రభువు మనల్ని ఒకరికొకరిని ఇచ్చింది అందుకే. ఆమెన్ అనాలంటే, ఇదిగో, ఈ మాటకు అనండి.