దొంగల నాయకుడి మాట

ఆ క్రిస్మస్‌కి మా పల్లె చర్చి నాటకంలో దుర్మార్గుడి వేషం నాది. ఆడపిల్లకి ఆ వేషమేమిటని అమ్మ సణిగింది. అంత గొంతు ఇంకెవరికుందని పాస్టరుగారు నచ్చజెప్పారు. రాజు మీద తిరగబడి, చివరికి ఊరికి నిప్పు పెట్టే దొంగల నాయకుడు వాడు. జనం వాణ్ణి చూసి అసహ్యించుకోవాలనే పాస్టరుగారు ఆ కథ రాశారు.

అసహ్యించుకోవడం నావల్ల కాలేదు. "ఒక్కడు చెప్పాడని ఊరంతా నోరు మూసుకుంటే, వాడి బలం వాడి కత్తిలో లేదు. మూసుకున్న మీ నోళ్లలో ఉంది" అంటాడు వాడు. రిహార్సల్‌లో ఆ మాట అన్నప్పుడల్లా పిన్ని గుర్తొచ్చి నాకు ఒళ్లు మండిపోయేది.

పిన్నివాళ్ల వలలు కోసేసింది మా ఊరిపెద్ద తమ్ముడు. పెద్దల ముందుకు రాకుండా పోలీస్ స్టేషన్‌కి పోయిందని ఆమె ఇంటి మీద దురాయి పెట్టారు. ఇక ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, వాళ్ల పడవ ఎక్కకూడదు, గుక్కెడు నీళ్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. తప్పినవాళ్లకీ అదే శిక్ష. బాబాయి పడవ ఇసుకలోనే ఎండుతోంది. సొంత చెల్లెలు ఎదురైతే అమ్మ తల తిప్పుకునేది. నాన్న కూడా చేపల వేటకు పోతేనే కదా మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

నాటకం రోజు సాయంత్రం ఊరిపెద్ద ముందు కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని వెనక చాప మీద ఉంది, చుట్టూ ఖాళీ. నేను ఆ మాట అన్నాను. ఈలలేసి తిట్టాల్సిన జనం కిక్కురుమనలేదు. ఊరిపెద్ద కాలు ఊపడం ఆపి నావైపే చూస్తున్నాడు. చెమటకి నా మీసం జారిపోతోంది.

తర్వాత నేను కాగడా అందుకోవాలి. ఆ దొంగల నాయకుడితో నా పేచీ అక్కడే. అంత మాట అన్నవాడు ఇళ్లెందుకు కాల్చాలి? కాగడా అక్కడే వదిలేసి, వేదిక దిగి, జనం మధ్య నుంచి పిన్ని దగ్గరికి నడిచాను.

"దాహమేస్తా ఉంది. నీళ్లియ్యమ్మా" అన్నాను, దొంగ గొంతుతోనే.

"వద్దు బిడ్డా, నీకూ పెడతారు" అని గొణుగుతూనే పిన్ని సీసా అందించింది. తాగాను.

ఊరిపెద్ద లేచాడు. "ఏమయ్యా పాస్టరూ, ఇది నాటకంలో ఉండాదా?"

ఉందని చెప్తారేమోనని ఆశపడ్డాను. పాస్టరుగారు తల దించుకున్నారు. నేను మీసం పీకేశాను.

"లేదు పెదనాయనా. నేనే అడిగినా, మా పిన్నిని."

జనంలోంచి అమ్మ లేచి విసవిసా వచ్చింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. నన్ను పక్కకి నెట్టి, పిన్ని చాప మీద కూర్చుంది.

"ఏమే, నాకూ గుక్కెడియ్యే" అంది.